సంజీవమ్మ చెయ్యి పెట్టని తల

ఎన్నికల కాలంలో చర్చికి కొత్త మగమనిషి ఎవరైనా వస్తే సంజీవమ్మ ముందు అతని కాళ్లు చూస్తుంది, తర్వాతే ముఖం. చెప్పులు గోడవారగా విడిచినవాడు ప్రార్థనకు వచ్చినట్టు. గుమ్మానికి ఎదురుగా, తొడుక్కోవడానికి వీలుగా వదిలినవాడు ఇంకా నాలుగు ఇళ్లు తిరగాల్సి ఉన్నట్టు. ఈ లెక్క తప్పొచ్చని ఎవరైనా అంటే ఆమె నవ్వి ఊరుకుంటుందే గానీ లెక్క మాత్రం మార్చుకోదు.

ముద్దనూరుకు దగ్గర్లో, థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనబడే ఊరు ఆమెది. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టింది. వాళ్ల నాయనకు చదువు లేదు గానీ ఊళ్లో ప్రతి ముఖమూ తెలుసు. అందుకని ఒక పంచాయతీ ఎన్నికల్లో ఒక నాయకుడు ఆయన్ను పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చోబెట్టాడు. దొంగ ఓటు వేయడానికి వచ్చినవాణ్ని ఆయన పేరు పెట్టి పిలిచాడు. సాయంత్రానికి రెండు కాళ్లూ విరగ్గొట్టారు. నాయకుడు గెలిచాడు, ఊరేగాడు, రంగులు చల్లుకున్నాడు. జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి మంచం మీద పడున్న మనిషిని చూడడానికి మాత్రం తీరిక చిక్కలేదు. ఆ నాయకుడు ఎప్పుడొస్తాడా అని చిన్నపిల్ల సంజీవమ్మ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. వచ్చింది నాయకుడు కాదు, ఒక నర్సమ్మ. మీరు ఎవరి పక్షమని అడగలేదు, ఏ కులమని అడగలేదు. నాయన నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, దుప్పటి సరిచేసి వెళ్లింది.

నాయకుల మీద అనుమానం, దేవుడి మీద నమ్మకం రెండూ సంజీవమ్మ ఆ ఒక్క మంచం దగ్గరే నేర్చుకుంది. ఒకే చోట పుట్టాయి కాబట్టేమో, ఆమెలో ఏది ఎక్కడ ఆగుతుందో, ఏది ఎక్కడ మొదలవుతుందో ఆమెకే తెలియదు.

పెళ్లయింది. భర్త చిన్నసుబ్బయ్యదీ గొర్రెల ఇల్లే. మొదట్లో చర్చి అంటే ముఖం తిప్పుకునేవాడు, పోయే ముందు సంవత్సరాల్లో మాత్రం తనే వచ్చి వెనక చాప మీద కూర్చునేవాడు. కూతురు మహేశ్వరిని పులివెందులకు ఇచ్చారు. ఇప్పుడు సంజీవమ్మకు మిగిలింది చిన్న మంద, దొడ్డి, చర్చి. జ్వరం వచ్చిన పిల్లల్ని, నెలలు నిండిన ఆడవాళ్లను ఆమె దగ్గరికి తీసుకొస్తారు. వేలితో ఒక బొట్టు కొబ్బరినూనె తల మీద అద్ది, అరచెయ్యి ఆనించి ప్రార్థన చేస్తుంది. చర్చి మొహం చూడని ఇళ్ల నుంచీ వస్తారు. మేలు జరిగితే అది నా చెయ్యి కాదని చెబుతుంది. ఎవరూ నమ్మరు.

ఆ నమ్మకమే కిందటి పంచాయతీ ఎన్నికల్లో కొంప ముంచింది. పోటీలో ఉన్న మధుసూదన్ ఒక ఆదివారం వచ్చి మోకరిస్తే సంజీవమ్మ తల మీద చెయ్యి పెట్టింది. సాయంత్రానికి ఆ ఫోటో ఊరందరి ఫోన్లలో ఉంది. మరుసటి రోజు కరపత్రం మీద ఉంది. మధుసూదన్ గెలిచాడు. అవతలి అభ్యర్థి హరికృష్ణ పక్షం వాళ్లు, అంటే సంఘంలో సగం మంది, చాపలు చుట్టుకుని వెళ్లిపోయి సిమెంటు రేకుల షెడ్డులో వేరే ఆరాధన పెట్టుకున్నారు. పులివెందులలో మహేశ్వరి అత్తగారిల్లూ అవతలి పక్షమే, వాళ్లకీ ఆ ఫోటో గిట్టలేదు. ఆ ఏడు కూతుర్ని క్రిస్మస్‌కు పంపలేదు. సంజీవమ్మ ఆ పండగ రోజు గొర్రెల మధ్యనే కూర్చుని ఏడ్చింది.

అందుకే ఈసారి ఒక కట్టుబాటు పెట్టింది. నామినేషన్ వేసినప్పటి నుంచి ఓట్ల లెక్కింపు అయ్యేదాకా పోటీలో ఉన్నవాళ్లెవరి తల మీదా చెయ్యి పెట్టదు. పాస్టర్ దేవదానం సంతోషంగా ఒప్పుకుని చర్చిలో చదివి వినిపించాడు. మళ్లీ ఆ మధుసూదనే, ఆ హరికృష్ణే నిలబడ్డారు.

అయినా చిక్కు తీరలేదు. పైనున్న అధికారుల కోసం ప్రార్థించమని బైబిలు వాక్యంలో ఉంది కాబట్టి ఆమె ప్రతి ఆదివారం ప్రార్థిస్తుంది. "మా మీదున్న అధికారులను" అనగానే మధుసూదన్ మనుషులు గట్టిగా ఆమెన్ అన్నారు, రెండు వైపులా చుట్టాలున్న ఒకరిద్దరు నోరు మూసుకున్నారు. సరేనని మరుసటి వారం "ఉన్నవాళ్లను, రాబోయేవాళ్లను" అని మార్చింది. రాబోయేవాళ్లంటే ఎవరని మధుసూదన్ తమ్ముడు ఆరాధన కాగానే గుమ్మం దగ్గరే అడిగాడు. అంటే దేవుడితో మాట్లాడాలన్నా ఇప్పుడు మనుషుల ముఖాలు చూసి మాట్లాడాలి. సంజీవమ్మకు ఒళ్లు మండింది.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం హరికృష్ణ దొడ్డికి వచ్చాడు. ప్లాంటు నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద తోలే లారీలున్న మనిషి, ఎప్పుడూ వెంట పదిమంది లేనిదే కదలడు. ఆరోజు ఒక్కడే వచ్చాడు. సంజీవమ్మ గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దవడ తెరిచి, కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు పోస్తోంది.

"ఏందప్పా, ఒక్కడివే వచ్చినావు?"

"నీతో పనుండి వచ్చినా సంజీవక్కా."

"ఈ నెలలో అందరికీ నాతో పనే."

అతను నవ్వలేదు. దొడ్డి మట్టిలోనే, తెల్లబట్టలతోనే కూర్చున్నాడు. "తల మీద చెయ్యి పెట్టి ఒక్క మాట ప్రార్థన చెయ్యక్కా."

"ఫోన్ యాడ పెట్టినావు?"

"జీపులోనే ఇడ్సిపెట్టి వచ్చినా."

ఆ మాటతో ఆమె అనుమానం రెట్టింపైంది. ఫోన్ లేకుండా తిరిగే నాయకుణ్ని ఆమె ఇంతవరకు చూడలేదు. ఇతని దగ్గర లేదంటే ఇంకొకడి దగ్గర ఉన్నట్టే. కంపచెట్ల వైపు, గడ్డివామి వైపు చూసింది. ఎవరూ కనబడలేదు. కనబడకపోవడం కూడా ఆమెకు నచ్చలేదు.

"నా చేతులు మందు చేతులప్పా. లెక్కింపు అయినాక రా. గెలిచినా రా, ఓడినా రా. పెడతా."

"అంతవరకు..." అని హరికృష్ణ మెడ వెనక రుద్దుకున్నాడు. "గెలిచేదాని కోసం కాదక్కా నేనొచ్చింది."

"ఆ మాట అననోణ్ని నేనింకా సూడలేదు."

అతను లేచేటప్పుడు తూలి, దొడ్డి గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పట్టపగలే తాగి వచ్చి ప్రార్థన అడుగుతున్నాడని సంజీవమ్మ అసహ్యించుకుంది. ఆదివారం దేవదానం, ఆమె చెప్పగా విన్న ఈ సంగతి అందరి ముందూ చెప్పి, విశ్వాసి అంటే సంజీవమ్మలాగా ఉండాలని పొగిడాడు. తల వంచుకుని విన్నది గానీ లోపల బాగానే ఉంది ఆమెకు.

మరునాడు పొద్దున పక్కింటి పీరాంబీ వచ్చి, తలుపు దగ్గరికి వేసి మరీ కూర్చుంది. ఆమె అల్లుడు నబీ రసూల్ హరికృష్ణ జీపు నడుపుతాడు.

"అక్కా, హరికృష్ణప్పను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పెట్టినారు. తలలో గడ్డంట. రెండు నెలల కిందనే తెలిసిందంట. నిన్న ఫిట్స్ వచ్చి పడిపోయినాడు. రేపు తెల్లారి బెంగుళూరు తీసుకపోయి తల కోస్తారంట."

"జొరం అంటాండారు కదే ఊళ్లో."

"జొరమనే చెప్పమన్నారు మా రసూల్‌కు. ఎల్లుండి పోలింగు. సచ్చేటోనికి ఓటు ఎవరేస్తారు అక్కా? నువ్వు గూడా ఎవరితో అనగాకు."

సంజీవమ్మకు మొట్టమొదట వచ్చిన ఆలోచన, ఇది నిజమేనా అని. జాలి ఓట్ల కోసం ఎత్తిన నాటకం కాదు గదా అని. జాలి కోసమైతే ఊరంతా చాటుకునేవాడు, దాచిపెట్టేవాడు కాదు కదా. అది తట్టాక ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు, మిగిలింది సిగ్గే. ఆ తూలడం తాగి తూలడం కాదు. ఏ తలలో గడ్డ ఉందో ఆ తల మీదే చెయ్యి పెట్టమని మట్టిలో కూర్చుని అడిగాడు. రాజకీయం చర్చిలోకి రాకూడదని గుమ్మం దగ్గర కాపలా కాసిందే గానీ, అది తన కళ్లలోకే వచ్చి కూర్చున్న సంగతి ఆమె చూసుకోలేదు. ఒక మనిషి ప్రాణభయంతో వస్తే ఆమెకు ఓటు మాత్రమే కనబడింది.

నేరుగా పాస్టర్ ఇంటికి వెళ్లింది. ఎవరికీ చెప్పనని మాట తీసుకుని విషయం చెప్పింది.

దేవదానం గడ్డం నిమురుకున్నాడు. "లెక్కింపు దాకా ఆగమ్మా. కట్టుబాటు పెట్టింది నువ్వే కదా. ఇప్పుడు నువ్వు పోయినావని తెలిస్తే మధుసూదన్ మనుషులు ఊరుకుంటారా? ఉన్న సగం సంఘం గూడా పోతాది."

"రేపు తల కోస్తారంట అయ్యా. ఆగి ఎవరికి చెయ్యాల ప్రార్థన?"

"ఈడనుంచే చెయ్యి. దేవునికి దూరమేముంది?"

"దేవునికి ల్యాదు. ఆయప్పకుంది. నా ఇంటికొచ్చి అడిగి, ల్యాదనిపించుకుని పోయినాడు."

"నాటకమేమో గూడా చూడాల కదమ్మా."

సంజీవమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "సర్పంచి అయిదేండ్లు ఉంటాడయ్యా. నేను అడుగుతాండేది అయిదేండ్ల మాట కాదు." చెంగు సర్దుకుని బయటికి నడిచింది. సంఘం విరిగిపోతే ఆ నింద తన నెత్తినే పడుతుందని తెలుసు. భయం వేసింది కూడా. అయినా ముద్దనూరులో బస్సు ఎక్కింది.

బస్సులో మధుసూదన్ పక్షం వాడొకడు వెనక్కి తిరిగి, "యాడికి పోతాండావు అత్తా?" అన్నాడు.

"ప్రొద్దుటూరుకు. కండ్లు సూపించుకుందామని." జాకెట్‌లో నూనె సీసా పెట్టుకుని ఇంత తేలిగ్గా అబద్ధమాడగలనని ఆమెకు ఆరోజే తెలిసింది. ఎర్రగుంట్ల దాటేదాకా అతను రెండుసార్లు తిరిగి చూశాడు. ఆమె కిటికీలోంచి బూడిద లారీలను చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో గది ముందు హరికృష్ణ భార్య నాగలత కుర్చీ వేసుకుని కాపలా ఉంది. సంజీవమ్మను చూడగానే లేచి తలుపుకు అడ్డం నిలబడింది.

"నీకెవరు చెప్పినారు? మధుసూదన్ పంపించినాడా, ఎట్లుండాడో సూసి రమ్మని?"

"ఎవురూ పంపించలేదు తల్లీ."

"ఆ రోజు అడుక్కున్నా రాని చెయ్యి, ఈ రోజు బస్సెక్కి ఎట్లొచ్చింది?"

సంజీవమ్మ ఉన్నదే చెప్పింది. "ఓటు కోసరం వచ్చినాడనుకున్నా. తప్పు నాది." బొడ్లోంచి తన చిన్న ఫోను తీసి నాగలత చేతిలో పెట్టింది. నాగలత దాన్ని స్విచ్చాఫ్ చేసి, ఆమె చేతిసంచి కూడా తెరిచి చూసి, అప్పుడు తలుపు వదిలింది.

హరికృష్ణ మంచం మీద పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి పడిపోయి పక్కన పెట్టినట్టుంది. మాట ముద్దగా వస్తోంది, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆమె సీసా తియ్యబోతే ఎడమచేత్తో ఆగమన్నాడు.

"ఒగ మాట అడుగుతా అక్కా. మధుసూదన్ కోసరం గూడా ప్రార్థన చేస్తాండావా?"

నాగలత ముఖం బిగుసుకుంది. సంజీవమ్మ మాత్రం, "చేస్తాండా," అంది.

"అయితే ముందు వానికి చెయ్యి, నేను వింటా. వానికేం అడుగుతావో అదే నాకూ అడుగు. ఒగ అక్షరం ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

మంచం మీద కూడా మనిషి ఆమెను నమ్మలేదు. అతన్ని తప్పుపట్టే మొహం ఆమెకు లేదు. కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లుగా అధికారుల కోసం చేసిన ప్రార్థన నోటికి వచ్చినదే, గడగడా వస్తుందనుకుంది. ఒక్క మాట రాలేదు. మధుసూదన్ పేరు పెట్టి, అతని కోసం మనసారా తాను ఏదీ అడగలేదని అప్పుడు అర్థమైంది. వీధిలో ప్రచారం ఆటో పాట పెట్టుకుని పోయింది. అది పోయేదాకా ఆగి నోరు తెరిచింది.

"ప్రభువా, మధుసూదన్ గూడా ఒగరోజు సచ్చిపోతాడు. నేనూ సచ్చిపోతా. ఆ పొద్దుకు ఆయప్ప యెనక ఊరేగింపు ఉండదు, జెండా ఉండదు, ఎవురూ రారు. నువ్వు మటుకు రా. ఆయప్ప చేసిన తప్పులు పట్టుకుని ఇడ్సిపెట్టగాకు. అదొగటే అడుగుతాండా."

ఇక ఏం చెప్పాలో తోచక ఆగిపోయింది. కళ్లు తెరవాలంటే భయమేసింది. నూనె సీసా ఇంకా మూత కూడా తియ్యలేదు. అప్పుడు హరికృష్ణ ఎడమచెయ్యి ఆమె మణికట్టు పట్టుకుని, తన తల మీదికి లాక్కుంది.