పక్కింటిదాకా నడిచే వేడి

మా బావగారు ఆ ఏడాది యూరప్ వెళ్లి ఉండాల్సిందా? ఈ ప్రశ్నను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. ఉన్నన్నాళ్లూ ఆయన్నే అడిగేదాన్ని. నవ్వి, చేతిలో గుడ్డతో ఏదో ఒకటి తుడుస్తూ మాట మార్చేసేవారు. ఇప్పుడు మాట మార్చడానికి కూడా ఆయన లేరు.

పోయిన నెలలో ఒక ఉదయం స్కూలుకి బయల్దేరుతుంటే గల్ఫ్‌లోనే ఇంకో మూల ఉన్న రాస్ అల్ ఖైమా నుంచి అక్క ఫోన్ చేసింది. "ఆయన పోయారే" అంది. "టీ తాగి ఇంజన్ షెడ్డుకి వెళ్లారు. స్టూలు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నారట. చేతిలో గుడ్డ కూడా జారలేదట." డాక్టరు గుండె అన్నాడు. మేముండే అల్ ఐన్ నుంచి చేరేసరికి క్వారీ పనివాళ్ల క్యాంపులోని మగవాళ్లంతా వాళ్ల గుమ్మం ముందు నేల మీద కూర్చుని ఉన్నారు.

ఆయన మా పెద్దక్క భర్త. కాకినాడ మనిషి. వయసులో ఉన్నన్నాళ్లూ ఓడల మీద ఇంజనీరుగా తిరిగి, డెబ్బైల మధ్యలో ఇక కాళ్ల కింద నేల కావాలనిపించి రాస్ అల్ ఖైమాలో ఒక క్వారీ కంపెనీలో చేరారు. కొండను తవ్వి రాయి అమ్మే కంపెనీ అది. రాళ్లు పగలగొట్టే మిషన్లకూ, పనివాళ్లుండే క్యాంపుకూ కరెంటిచ్చే డీజిల్ ఇంజన్లు ఆయన చేతిలో ఉండేవి. సెలవులకు మేం వెళ్తే గుమ్మంలోనే "రండి లెక్చరరు గారూ, మా షెడ్డులో ఇవాళ ఏం తప్పులున్నాయో చెబుదురుగాని" అనేవారు. నేను స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఆయన దృష్టిలో మరదలు ఎక్కడ పాఠం చెప్పినా లెక్చరరే.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఇంజన్లో మనం పోసే ఆయిల్లో కొంతే కరెంటవుతుంది. సగానికి పైగా వేడై పొగగొట్టంలోంచీ, ఇంజన్ను చల్లబరిచే నీళ్లలోంచీ గాలిలోకి పోతుంది. పెద్ద పవర్ హౌసులదీ అదే కథ. ఆ వేడిని పట్టుకుని ఇంకో పనికి వాడాలన్నది ఆయన పట్టుదల. అక్క అన్నం వారుస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి నాకు పాఠం చెప్పేవారు. "చూడమ్మా, మీ అక్క గంజి పారబోస్తుందా? పారబొయ్యదు. నా లుంగీలకి పెడుతుంది, కట్టుకుంటే అట్టముక్కలా నిలబడేలాగ. పొయ్యి ఒకటే, బియ్యం ఒకటే, పనులు రెండు. ప్రపంచంలో ఉన్న పవర్ హౌసులన్నీ అన్నం తిని గంజి పారబోస్తున్నాయి."

"ఆ గంజి సంగతి చెప్పినంత సేపట్లో ఓ లుంగీ ఉతుక్కోవచ్చు" అనేది అక్క.

ఓడల మీద ఉన్నప్పుడు ఒక చలికాలం డెన్మార్కులో ఒక రేవు పట్నంలో దిగారట. వీధంతా మంచు. మధ్యలో మాత్రం చీరంచులా ఒక నల్లటి చార, ఆ చార మీద మంచు లేదు. ఎందుకని అడిగితే, కింద గొట్టం ఉందన్నారట. పవర్ హౌసులో మిగిలిన వేడిని నీళ్లలో పట్టి ఆ గొట్టంలో ఇంటింటికీ పంపుతారు, ఆ వేడి గదుల్ని వెచ్చబెడుతుంది. ఆ చార వెంట ఓడ బయల్దేరే వేళ దాకా నడిచానని చెప్పేవారు. ఆ నడక ఆయనకు ఎప్పటికీ అవ్వలేదనుకుంటాను.

వాళ్లింట్లో దేవుడి పటాల పక్కనే గోడ నిండా యూరప్ పటం ఉండేది. ఎర్ర పెన్సిలు, రబ్బరు ఎప్పుడూ దాని దగ్గరే. ఏ ఊళ్లో పవర్ హౌసు జనం మధ్య ఉందో, ఎక్కడ చలి ఎక్కువ నెలలుంటుందో, పాత ఓడ స్నేహితులను అడిగి, పాత పత్రికలు చదివి ఆ ఊరి చుట్టూ గుండ్రం చుట్టేవారు. "ఇదిగో, ఇక్కడ వేడినంతా నదిలో కలుపుతారు. చేపలకు స్నానం. పక్క వీధిలో ముసలమ్మ బొగ్గులు కొనుక్కుని చలి కాచుకుంటుంది." నేను అడ్డం పడేదాన్ని. అంత వేడి లాగితే కరెంటు కొంత తగ్గుతుంది కదా? ఇటలీ దక్షిణాన ఏడాదిలో ఎన్ని నెలలు చలి? ఆయన కోప్పడేవారు కాదు. తల గోక్కుని, రబ్బరు తీసుకుని ఆ గుండ్రం చెరిపేసేవారు. తర్వాతి సెలవులకు వెళ్లేసరికి ఆ ఊరి చుట్టూ మళ్లీ గుండ్రం ఉండేది. "అక్కడ కాగితం మిల్లుందటమ్మా. దానికి ఏడాది పొడుగునా ఆవిరి కావాలి."

ఆయన తరచూ అనే మాట ఇంకొకటుంది. "వేడి పసిపిల్ల లాంటిది. పక్కింటిదాకా నడుస్తుంది, పొరుగూరు పోలేదు."

ఆయనకు పక్కిల్లంటే క్యాంపే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. తాగే నీళ్లు ట్యాంకర్లో రావాలి. అది రాని రోజున కొండ పక్క బావి నీళ్లే గతి. నోట్లో పోసుకుంటే నాలుక మీద ఉప్పు పేరుకునేది. "బయట గవే రాళ్లు, కడుపుల గవే రాళ్లు సారూ" అని నవ్వేవాళ్లు. మూత్రపిండాల్లో రాళ్లతో మెలికలు తిరిగినవాళ్లూ ఆ నవ్వేవాళ్లలో ఉన్నారు. ఒక ఎండాకాలం ట్యాంకర్ రాని మధ్యాహ్నం జగిత్యాల వైపు కుర్రాడొకడు క్వారీలో పడిపోయాడు. బతికాడు కాని, ఊరికి పంపేశారు. ఆ సాయంత్రం బావగారు భోజనం దగ్గర కూర్చుని, "ఓడ మీద మేమెప్పుడూ దాహంతో పడిపోలేదు" అన్నారు.

ఓడల్లో తాగే నీళ్లు ఇంజన్ వేడితోనే చేసుకుంటారు. ఇంజన్ను చల్లబరిచి వేడెక్కిన నీళ్లను గాలి తీసేసిన డ్రమ్ము లోపలి గొట్టాల్లో తిప్పుతారు. గాలి లేనిచోట నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి, డ్రమ్ములో పోసిన ఉప్పు నీళ్లు ఆవిరై, ఆ ఆవిరి చల్లబడి మంచినీళ్లవుతాయి. అదనంగా చుక్క డీజిల్ కూడా ఖర్చు లేదు. ముక్కలు చేస్తున్న ఒక పాత ఓడ నుంచి అలాంటి డ్రమ్మొకటి తెప్పిస్తానని ఆయన మేనేజరు దగ్గరికి వెళ్లారు. ఆ మేనేజర్ని అందరూ అరబ్బీలో ముదీర్ అని పిలిచేవాళ్లు.

"ట్యాంకర్ ఆతా హై నా? ఖలాస్" అన్నాడు ముదీర్, వస్తోందిగా, ఇక చాలన్నట్టు.

"నహీ ఆయా తో?" రాకపోతేనో అన్నారు బావగారు.

"కల్ ఆయేగా." రేపొస్తుందన్నాడు.

బావగారు మర్నాడు మళ్లీ వెళ్లారు. ఆ మర్నాడూ వెళ్లారు. ఒకరోజు ముదీర్ గదిలోకి బావి నీళ్లతో చేసిన చాయ్ పట్టుకెళ్లారు. ముదీర్ ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టేశాడట. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఈ ఎండాకాలమంతా డ్రమ్ము పూచీ నీదే, నువ్వు లేకపోయినా జనం తాగకపోయినా పీకి తుక్కులో పడేస్తాను.

ఆ డ్రమ్ము బిగిస్తున్న రోజుల్లోనే డెన్మార్క్ ఇంజనీరొకాయన రాయి కొనడానికి క్వారీకి వచ్చాడు. భోజనానికి బావగారింటికి వచ్చి పటం ముందు నిలబడిపోయాడు. పప్పు చారు చల్లారిపోయింది. ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. "మీరు చుట్టినవాటిలో సగం పనికిరావు" అన్నాడాయన. కరెంటు అమ్మేవాళ్లకు వేడి అమ్మడం రాదని, ఎవరింటి పొయ్యి వాళ్లు వదలరని చెప్పాడు. బావగారు రబ్బరు తీసుకుని కొన్ని చెరిపారు, కొన్నిటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి చెరపనివ్వలేదు. ఆ ఇంజనీరు వెళ్లాక కొన్ని వారాలకు డెన్మార్కు నుంచి బావగారికి పిలుపొచ్చింది. ఆయిల్ ధర మండిపోతున్న రోజులవి. యూరప్‌లో ఏయే నగరాల్లో కరెంటుతో పాటు వేడిని కూడా ఇళ్లకు పంపవచ్చో వెతికే బృందంలో చేరమని, ఎండాకాలం అయ్యేలోపే రావాలని. అక్క ఆ ఎండల్లోనే స్వెట్టర్లు అల్లడం మొదలుపెట్టింది.

ఇంతలో డ్రమ్ములోంచి నీళ్లు వచ్చాయి. బావగారు మొదటి గ్లాసు ఎండకెత్తి పట్టుకుని అందరికీ చూపించారు. ఎవరూ తాగలేదు.

"ఇంజన్ల కెల్లి వచ్చిన నీళ్లాయె. తాగితే కడుపుల గిర్రున తిరుగుతది సారూ" అన్నాడొకడు.

ఆయన వాళ్ల ముందే గటగటా తాగారు.

"మీరు ఓడల మీద తాగిండ్రు, మీకు అలవాటాయె" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. మొహమాటానికి ఒక గుక్క పుక్కిలించి ఊసి, "సప్పగున్నయి. సచ్చిన నీళ్లు" అన్నాడు.

రోజులు గడిచాయి. డ్రమ్ము కింది తొట్టి నిండేది, జనం ట్యాంకర్ కోసం రోడ్డు వంక చూసేవాళ్లు. ముదీర్ షెడ్డు ముందు ఆగి, నిండిన తొట్టిని చూసి వెళ్లిపోయేవాడు. అప్పుడు నేను సెలవులకు అక్కడే ఉన్నాను. "వాళ్లకు అక్కర్లేని నీళ్లకోసం మీకు కావలసిన పని వదులుకుంటారా బావగారూ? అక్కడ ఒక్క ఊరికి గొట్టం పడితే ఎన్ని వేల ఇళ్లు" అన్నాను.

"లెక్క నీదే రైటు" అన్నారు. "కానీ అక్కడ నేను కాకపోతే ఇంకొకడు వెళ్తాడు. ఇక్కడ నేను లేకపోతే రేపే పీకేస్తారు. వేడి పక్కింటిదాకానే నడుస్తుందమ్మా."

"అది ఫిజిక్సు. జవాబు కాదు" అన్నాను.

ఆయన నవ్వారు. అక్క స్వెట్టరు పక్కన పెట్టి లేచింది. "తాగకపోతే మానెయ్యనివ్వండి. పప్పులో పొయ్యమనండి" అంది.

ఉప్పు నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా మెదగదని మనలో తెలియనిదెవరికి? నీళ్ల గురించి అంత తెలిసిన ఆయనకూ, ఫిజిక్స్ చెప్పే నాకూ మాత్రం ఆ మాట తట్టలేదు. మర్నాడు క్యాంపు వంటశాలలో రెండు గిన్నెలు పక్కపక్కన ఎక్కించారు. బావి నీళ్ల గిన్నెలో పప్పు గులకరాళ్లలా గలగలలాడుతూనే ఉంది. డ్రమ్ము నీళ్ల గిన్నెలో గరిటె పెడితే వెన్నలా కరిగింది. చివరికి, సచ్చిన నీళ్లన్న పెద్దాయనే, "ఇన్నొద్దులు గుండ్లు నమిలినం. గిది మా ఇంటి పప్పు లెక్కనే ఉన్నది" అని మళ్లీ పళ్లెం చాపాడు.

పప్పులోంచి నీళ్లు చాయ్‌లోకి వెళ్లాయి, చాయ్‌లోంచి కూజాల్లోకి. చప్పదనం పోవడానికి కొంచెం బావి నీళ్లు కలపమంది అక్క. "ఇంత కష్టపడి ఉప్పు తీసింది మళ్లీ కలుపుకోడానికా?" అని ఆయన అలిగారు. రెండు పూటలు అలిగి కలిపారు. ఆ ఎండాకాలం ఎవరూ పడిపోలేదు. డెన్మార్కుకు మాత్రం రాలేనని రాసేశారు. స్వెట్టరు చలికాలం పొద్దుటిపూట షెడ్డులో వేసుకునేవారు.

ఇది ఇక్కడితో ఆగితే నాకు ఏ సందేహమూ ఉండేది కాదు. కొన్నేళ్లకు క్యాంపుకు ప్రభుత్వం నీళ్ల గొట్టం వచ్చింది. డ్రమ్ము నిజంగానే తుక్కులోకి పోయింది. అదే రోజుల్లో డెన్మార్క్ ఆయన కొత్త సంవత్సరానికి కార్డు పంపాడు. మీ గుండ్రాల్లో కొన్నిటికి గొట్టాలు పడ్డాయి, చాలావాటికి పడలేదు, అక్కడ చెయ్యి అడ్డం పెట్టి వాదించే మనిషి లేకపోయాడు అని రాశాడు. బావగారు అది చదివి కార్డు పటం అంచున గుచ్చారు. మర్నాడు షెడ్డుకి వెళ్లి, డ్రమ్ము పోయాక వృథాగా మిగిలిన ఇంజన్ వేడిని క్యాంపు స్నానాల గదికి తిప్పడం మొదలుపెట్టారు. గంజి ఆయన పారబోయలేరు.

కర్మలన్నీ అయ్యాక, అక్క సామాన్లు సర్దుతున్న ఒక చలి ఉదయం నేను షెడ్డు వైపు నడిచాను. షెడ్డు నుంచి స్నానాల గది దాకా ఆయన వేసిన గొట్టం, గోనెగుడ్డ చుట్టుకుని నేల మీద అలాగే ఉంది. స్నానాల గది పైన ఆవిరి లేస్తోంది. కొత్తగా వచ్చినవాడెవరో, బావగారిని ఎప్పుడూ చూడనివాడు, గొట్టానికి వీపు ఆనించి కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి కొంచెం జరిగి, "కూసోండ్రి అమ్మా, ఈడ వెచ్చగుంటది" అన్నాడు.

కూర్చున్నాను. నిజంగానే వెచ్చగా ఉంది. ఆయన వెళ్లి ఉండాల్సిందో లేదో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.