తొమ్మిది వాకిండ్లు

జంతుశాస్త్రం జవాబు పత్రాల కట్ట విప్పగానే సిరా, చెమట, పక్క బల్ల మీద ఎవరో పొట్లం విప్పిన చిత్రాన్నం, మూడూ కలిసిన వాసన ఒకటి వస్తుంది. మొన్న అలాంటి కట్టలో ‘రంధ్రం అనగానేమి?’ అన్న ప్రశ్నకు ఎవరో పిల్లలు ‘జంతువు ఒంటికి ఉండే వాకిలి’ అని రాశారు. శరీరం లోపలి భాగాన్ని వెలుపలితో కలిపే మార్గం అని పుస్తకంలో ఉంటుంది కాబట్టి, ఉద్యోగధర్మంగా అర మార్కు కోశాను. కోశాక చాలాసేపు ఇంకో పేపరు ముట్టలేకపోయాను. ఆ మాట మా అవ్వది.

మడకశిర పక్కన మా ఊరు. వాన రావడం మానేసినా మేఘాలు మాత్రం మర్యాదకు వచ్చిపోతుండే ఊరు. వేరుశనగ పండిన ఏడు చేను మీద, పండని ఏడు గొర్రెల మీద బతికేవాళ్ళం కాబట్టి, మొత్తం మీద గొర్రెల మీదే బతికామని చెప్పాలి. ఇంటి వెనక తుమ్మకంప నాటిన దొడ్డి, అందులో ఎండిన వేరుశనగ కట్టె వాసన, తడిసిన కంబళి వాసన, పొద్దున్నే పాల కోసం గొర్రెపిల్లలు చేసే గోల, ఆ గోలలోనే ఏ పిల్ల ఏ తల్లిదో చెప్పగల మా నాయన, వీటి మధ్య అవ్వ, అంటే నాయన తల్లి, ఈతకు వచ్చిన గొర్రె పక్కన గొంతుక్కూర్చుని వక్కాకు నములుతూ ఉండేది. పిల్ల నేల మీద పడగానే దాని ఒంటి వాకిండ్లు లెక్కపెట్టాలి. కండ్లు రెండు, చెవులు రెండు, ముక్కువి రెండు, నోరు, వెనక రెండు. తొమ్మిదీ తెరుచుకుని ఉన్నాయని తేలేదాకా పిల్లను పొదుగు దగ్గరికి పోనిచ్చేది కాదు. లోపలికి పోయిన పాలకు బయటికి దారి ఉండాలి కదా అనేది. జీర్ణవ్యవస్థ మీద నేను తరువాత చదివిన పాఠాలన్నీ ఇంతకంటే పొడుగ్గా ఉన్నాయి, అంతే.

అవ్వ కండ్లకు పొర కమ్మినప్పటి నుంచి ఆ లెక్క నాది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడిలో ఎక్కాలు రాకపోయినా దొడ్డిలో నా లెక్కకు తిరుగులేదు.

ఆ ఉగాది పొద్దున కూడా ఒక గొర్రె ఈనింది. నేను తలంటుకుని, కొత్త పరికిణీ కట్టుకుని ఉన్నాను. ఇంట్లో అమ్మ పెనం మీద ఓళిగలు కాలుస్తోంది. బెల్లం, యాలకులు, నెయ్యి కలిసిన ఆ వాసన గోడ దాటి వచ్చి దొడ్డి వాసనను ఓడిస్తోంది. పిల్ల ఒళ్ళంతా జిగురు. ముందు వైపు ఏడూ శ్రద్ధగా చూశాను. వెనక రెండూ నమ్మకం మీద వదిలేశాను.

“తొమ్మిదీ సూసినావా పాపా?” అంది అవ్వ.

“సూసినా అవ్వా” అని, ఓళిగ వేడిగా ఉండగానే అందుకున్నాను.

మరునాటి సాయంత్రానికి ఆ పిల్ల పాలు మానేసింది. కడుపు పలకలా బిగిసింది. నాలుగు కాళ్ళూ ఎడం పెట్టి ముక్కుతోంది, అరవడానికి ఓపిక లేదు. అవ్వ దాని తోక ఎత్తి వేలితో తడిమింది. అక్కడ ఉండవలసిన వాకిలి లేదు, తోలు మూసుకుపోయి ఉంది. అవ్వ ముఖం నా వైపు తిరిగింది. ఆ పొర వెనక నుంచి నేనెంత కనబడ్డానో నాకు తెలియదు.

“పుట్టినప్పుడు ఎవురు సూసినారు దీన్ని?” అని నాయన అరిచినాడు.

“నేనే సూసినాలేరా. నా కండ్లకు యాడ తెలుస్తాది? అరిసింది సాలు, బస్సు పోతాది, బిన్నా పో” అంది అవ్వ.

నేనూ వెంట పడ్డాను. కంబళిలో చుట్టిన పిల్లను బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే, కండక్టరు “ఏమప్పా, పాపకు అర టిక్కెట్టు సరే, ఆ ఒళ్ళో మనిసికి?” అన్నాడు. నాయన నవ్వలేదు. నేను దాని ఊపిరి లెక్కపెడుతున్నాను, ఈసారి ఒక్కటి కూడా వదలకుండా.

పశువుల డాక్టరు తోక ఎత్తి చూసి, “అదృష్టమప్పా, పైన తోలే అడ్డం. లోపల దారి ఉండాది” అని, నన్ను గట్టిగా పట్టుకోమని చిన్న గాటు పెట్టినాడు. రెండు రోజులుగా ఆగినదంతా ఒక్కసారిగా నా కొత్త పరికిణీ మీదికి వచ్చింది. న్యాయంగానే వచ్చింది. తిరుగు బస్సులో మా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఊరు చేరేలోపు పిల్ల నా వేలు చీకడం మొదలుపెట్టింది.

అవ్వ నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. వారం తిరగకుండా ఇంకో గొర్రె ఈనింది. నేను ఒకటికి మూడుసార్లు లెక్కపెట్టాను, మోచేతుల దాకా జిగురు.

“సూసినావా?”

“తొమ్మిదీ ఉండాయవ్వా.”

నాయన పిల్ల తోక ఎత్తి చూడబోతే అవ్వ చేయి అడ్డం పెట్టింది. “పాప సూసింది లేరా. ఇడువు” అని పిల్లను తల్లి దగ్గరికి తోసింది.

ఆ తరువాత నేను చదువుకున్నాను, పట్టాలు వచ్చాయి, అంత పెద్ద యోగ్యతాపత్రం మళ్ళీ రాలేదు. అవ్వ పోయింది, నాయన పోయినాడు, మంద అమ్ముడుపోయింది. కంప పీకేసిన చోట రేకుల షెడ్డు లేచింది. అందులో తమ్ముడు నాలుగు గొర్రెలను కట్టేసి మేపుతున్నాడు. పోయిన నెల నేను ఊళ్ళో ఉండగానే ఒకటి ఈనింది. నేను చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కూర్చోబోతే, తమ్ముడు ఫోను తీసి ముందూ వెనకా రెండు ఫోటోలు కొట్టినాడు.

“నీకెందుకక్కా ఆ రొచ్చు? డాక్టరుకు పంపిస్తాండా. ఆయప్ప సూసి సెప్తాడు” అన్నాడు.

తప్పేం లేదు. నా చరిత్ర తెలిసిన ఎవరైనా ఫోటోనే నమ్ముతారు. వాడు సిగ్నలు కోసం రోడ్డు మీదికి పోయాక, నేను పిల్లను దగ్గరికి తీసుకుని, కండ్ల నుంచి మొదలుపెట్టి తోక దాకా నిదానంగా చూశాను. తొమ్మిదీ ఉన్నాయి. తలెత్తితే షెడ్డులో అడిగేవాళ్ళు ఎవరూ లేరు.