డాగ్నీ దాచిన శనివారం

డాగ్నీ వీక్‌లుండ్ ఆసుపత్రిలో నేల తుడిచే పనిలో చేరేనాటికి ఆమెకు ముప్పై ఒకటి. యాభై ఎనిమిదో ఏడు వచ్చేదాకా ఒంట్లో బాగాలేదని ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఆ మాట ఆమె చెప్పుకోవలసిన అవసరం రాలేదు, ఊళ్ళోవాళ్ళే చెప్పేవారు. కాగితపు గుజ్జు మిల్లు, రేవు తప్ప మరేమీ లేని ఆ చిన్న పట్టణంలో ఒక మనిషికి పేరు రావడానికి పెద్ద ఘనకార్యాలు అక్కర్లేదు. డాగ్నీ శుభ్రం చేసిన వార్డులో మంచం కింద చెయ్యి పెట్టి చూసినా ధూళి అంటదనేవారు నర్సులు. మిల్లులో పనిచేసి రిటైరైన ఆమె భర్త స్తూరె, తన భార్యను చూస్తే సూక్ష్మజీవులు వాటంతటవే కోటు వేసుకుని బయటికి నడుస్తాయని కాఫీల దగ్గర చెప్పి నవ్వించేవాడు.

ఆ పేరు బరువంతా మోసింది మాత్రం కూతురు మారీట్. తపాలా కార్యాలయంలో కౌంటరు పని చేస్తూ, మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో కూతురు టూవాతో ఒంటరిగా ఉండేది. పిల్ల తండ్రి విడిపోయి దేశం దక్షిణ కొసకు వెళ్ళిపోయి రెండేళ్ళయింది. తల్లి వస్తుందంటే మారీట్ ముందురోజు రాత్రే హడావిడిగా ఇల్లు సర్దేది. డాగ్నీ లోపలికి వస్తూనే, బూట్లు విప్పుతూ విప్పుతూ, గుమ్మం పక్కనున్న అర మీద వేలితో ఒక గీత గీసేది. ఆ వేలిని చూసుకునేది. ఏమీ అనేది కాదు. అనకపోవడమే మారీట్‌కు ఎక్కువ గుచ్చుకునేది.

ఆ ఏడు ఫిబ్రవరిలో చలికాలపు వాంతుల జబ్బు ఊరంతా తిరిగింది. ఏటా వచ్చేదే, కానీ ఈసారి వార్డులో ఒక్క మంచం కూడా ఖాళీ లేకుండా చేసింది. గురు, శుక్రవారాల్లో డాగ్నీ చేతి తొడుగులు మార్చుకుంటూ, క్లోరిన్ నీళ్ళ బకెట్లు మోస్తూ, నడుము విరిగేలా పనిచేసింది. వార్డు వంటగది తలుపు మీద పెద్ద అక్షరాలతో తనే ఒక కాగితం రాసి అంటించింది. వాంతులైనవాళ్ళెవరూ అవి తగ్గాక రెండు రోజుల పాటు ఈ గదిలో అడుగు పెట్టకూడదు, ఇంకొకరి తిండి ముట్టుకోకూడదు అని.

శనివారం తెల్లవారుజామున ఆమెకే వాంతయింది. గంట తర్వాత మరోసారి. పళ్ళు తోముకుని, బాత్రూమ్ కడిగేసి వచ్చి మంచం అంచున కూర్చుంది. స్తూరె కళ్ళు తెరిచి ఏమైందని అడిగాడు. రాత్రి తిన్న చేప పడలేదని చెప్పింది.

"అదే చేప నేనూ తిన్నాగా. నేను గుండ్రాయిలా ఉన్నాను."

"నీ పొట్ట మిల్లులో పోతపోసిందిలే," అంది డాగ్నీ.

మధ్యాహ్నానికల్లా నీరసం తప్ప ఇంకేమీ లేదు. మర్నాడు టూవాకు నాలుగో పుట్టినరోజు. మనవరాలికి కేకు తనే చేస్తానని నెల రోజుల కిందటే మాట ఇచ్చింది. మారీట్ కొని తెస్తానంటే, దుకాణం కేకు కేకేనా అని కొట్టిపారేసింది. ఇప్పుడు ఫోన్ చేసి, నాకు వాంతులయ్యాయి, రాలేను అని చెప్పాలి. ఫోన్ దగ్గరకు వెళ్ళి నిలబడింది కూడా. ఇరవై ఏడేళ్ళలో ఎవరి దగ్గరా అనని మాట అది. నోట రాలేదు. చేపే అయ్యుంటుందని తనకు తను మళ్ళీ చెప్పుకుంది. సబ్బుతో మూడుసార్లు చేతులు రుద్ది కడుక్కుని గుడ్లు గిలక్కొట్టింది.

ఆదివారం అందరూ కేకు తిన్నారు. కొవ్వొత్తులు వెలిగించే ముందే టూవా ఓపిక పట్టలేకపోతుంటే, డాగ్నీ క్రీము కాస్త వేలితో తీసి పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల ఆ వేలిని చప్పరించి ఇంకా కావాలంది.

మంగళవారం డాగ్నీకి పని లేని రోజు. పొద్దున్నే మారీట్ ఫోన్ చేసింది. రాత్రంతా టూవాకు వాంతులేనట, పక్కంతా పాడైపోయిందట, తను సెలవు పెట్టిందట. ఆ మాట వినగానే డాగ్నీ కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. ఇది తన నుంచి అంటుకున్నదేనని పిల్లను చూడకముందే ఆమెకు తెలిసిపోయింది. తెలిసింది గనుకనే మరీ వేగంగా కదిలింది. క్లోరిన్ సీసా, తొడుగులు, కాగితపు చుట్టలు సంచిలో వేసుకుని గంటలో కూతురి గుమ్మంలో నిలబడింది.

మారీట్ అప్పటికే తనకు తోచినట్టు తుడిచింది. గిన్నెలు తుడిచే గుడ్డతోనే నేల తుడిచి, దాన్ని మళ్ళీ సింకు అంచున ఆరేసింది. తలుపు పిడులకు చేతులకు రాసుకునే జెల్ పూసింది. డాగ్నీ ఆ గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి చూపించింది.

"దీంతో ఊరేగించావన్నమాట, గదికో ప్రసాదం చొప్పున. ఆ జెల్‌కి ఈ క్రిమి చావదే. ఎన్నిసార్లు చెప్పాను?"

తర్వాత రెండు గంటలు ఆమె చేసిన పనిలో వంక పెట్టేందుకు ఏమీ లేదు. బయట గడ్డకట్టే చలి ఉన్నా కిటికీలు తెరిచింది. పిల్లను వెచ్చగా చుట్టి వంటింట్లో కూర్చోబెట్టింది. మంచం కింద మిగిలిపోయిన వాంతిని ముందు కాగితాలతో అంచుల నుంచి మధ్యకు తీసి, సంచిలో వేసి మూతి బిగించింది. సబ్బునీళ్ళతో కడిగాక క్లోరిన్ నీళ్ళు పట్టించి, పది నిమిషాలు అలాగే నాననిచ్చి అప్పుడు తుడిచింది. దీంట్లో వెనిగర్ గానీ ఇంకేదైనా గానీ కలిపావో ఊపిరాడదు, జాగ్రత్త అని మారీట్‌ను హెచ్చరించింది. పిడులు, స్విచ్చులు, కుళాయిలు, ఫ్లష్ మీట, టీవీ రిమోట్, ఫోన్, ఒక్కటీ వదల్లేదు. దుప్పట్లు దులపకుండా లోపలికి చుట్టి, కింద సెల్లారులోని బట్టలుతికే గదికి పట్టుకెళ్ళింది. ఉతుక్కునే వంతుల బోర్డు మీద ఆ పూటకు తాళం పెట్టుకున్న రెండో అంతస్తు ముసలాయనను బతిమాలి, ఆయన వంతు తీసుకుని బాగా వేడినీళ్ళలో ఉతికింది. టూవా గుడ్డ కుందేలును కూడా లాక్కుని అందులో వేసింది. పిల్ల ఏడ్చింది గానీ ఏడుపులో బలం లేదు.

ఇన్ని చేస్తూ నోరు మాత్రం ఆపలేదు. బాత్రూమ్ మూలల్లో నాచు, పిల్ల గోళ్ళ సందుల్లో మట్టి, తువ్వాళ్ళన్నీ ఒకే కొక్కేనికి, ఇలా ఉంటే జబ్బు రాక ఏం వస్తుందని సాధించింది. నోరు ఆగితే ఆ ఖాళీలోకి శనివారం వచ్చి నిలబడుతుందని ఆమె భయం. మారీట్ బకెట్ పట్టుకుని వెనకాలే తిరుగుతూ, అవునమ్మా, పోయిన వారం కడగలేదమ్మా, అలిసిపోయానమ్మా అంటూ ఒక్కొక్కటీ ఒప్పుకుంది.

ఫ్రిజ్ తుడుస్తుంటే మిగిలిన కేకు కనిపించింది. మూత పెట్టి, పిల్ల కోసం దాచిన రెండు ముక్కలు. డాగ్నీ వాటిని సంచిలోకి తోసి మూతి కట్టేసింది. బాగానే ఉందిగా, ఎందుకు పారేశావని మారీట్ అడిగితే, పాతబడిందని చెప్పింది.

సాయంత్రానికి టూవా చెంచాడు బ్లూబెర్రీ జావ కూడా నిలుపుకోలేకపోయింది. పొద్దుట నుంచి ఒంటికి పోలేదు. ఏడిస్తే కళ్ళ వెంట నీళ్ళు రాలేదు. టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాగ్నీ పనిచేసే ఆసుపత్రే. పిల్లల వార్డులో ఆమెతో పాటే పని మొదలుపెట్టిన నర్సు గునిల్లా ఉంది. ఆ చిన్న చేతిలో సూది దొరకడానికి మూడుసార్లు గుచ్చవలసి వచ్చింది. సెలైన్ ఎక్కడం మొదలయ్యాక గునిల్లా కాగితం తీసుకుని వివరాలు అడిగింది. ఈ వారంలో ఇంట్లో గానీ, దగ్గరివాళ్ళలో గానీ ఎవరికైనా వాంతులయ్యాయా అని అడిగింది.

"లేదు, ఎవరికీ లేదు," అంది మారీట్. "ఇల్లు నేనే సరిగ్గా చూసుకోలేదు. అమ్మ చెబుతూనే ఉంటుంది."

గునిల్లా డాగ్నీ వైపు చూసి, మీ అమ్మ ఉండగా ఇంకేం భయంలే అని మారీట్ భుజం తట్టింది. డాగ్నీ సెలైన్ సీసాలో పడే చుక్కలను చూస్తూ నిలబడింది. ఒక్క మాట చాలు. ఆ మాట వల్ల వైద్యం మారేది కాదని తనకు తను చెప్పుకుంది. అది నిజమే. కానీ తన నోరు మూసింది ఆ నిజం కాదని కూడా ఆమెకు తెలుసు.

ఇంటికి వచ్చేసరికి స్తూరె బాత్రూమ్ నేల మీద కూర్చుని గోడకు ఆనుకుని ఉన్నాడు. ముఖం సున్నంలా ఉంది. భార్య వైపు తలెత్తి చూశాడు.

"ఇదీ చేపేనా డాగ్నీ?"

ఆమె గుడ్డ తడిపి తెచ్చి అతని ముఖం తుడిచింది. అతను రెట్టించలేదు. మర్నాడు కాస్త తేరుకున్నాక మాత్రం, మారీట్‌కి చెప్పెయ్, నువ్వు చెబితేనే బాగుంటుంది అన్నాడు. చెబుతానంది.

టూవా రెండో రోజుకు ఇంటికి వచ్చేసింది. పిల్లలు పడిపోయినంత తొందరగానే లేస్తారు. మారీట్ కూడా ఒకరోజు పడుకుని లేచింది. జబ్బు అక్కడితో ముగిసింది. డాగ్నీ చెప్పవలసిన మాటే ముగియలేదు. మొదటి వారం మారీట్ నీరసంగా ఉందని ఆగింది. రెండో వారం ఇంక అయిపోయినదాన్ని తవ్వడం ఎందుకనుకుంది. ఆలస్యమైనకొద్దీ అది చెప్పడం కష్టమవుతూ వచ్చింది. వార్డు వంటగది తలుపు మీద తన చేతి రాత కనబడినప్పుడల్లా తల దించుకుని నడిచేది. చివరికి దాన్ని పీకి, ఇంకొకరి చేత రాయించి అంటించింది.

మార్చి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం మారీట్ ఇంటికి వెళ్ళింది. తలుపు తీయగానే క్లోరిన్ వాసన ముక్కులో మండింది. ఇల్లు ఆసుపత్రి నడవాలా మెరుస్తోంది. మారీట్ చేతులు మణికట్టు దాకా ఎర్రబడి, కణుపుల దగ్గర పగిలి నెత్తురు కనబడుతోంది.

"బాత్రూమ్ చూడమ్మా. ఈసారి వంక పెట్టలేవు," అంది మారీట్. నవ్వుతూనే అంది గానీ ఆ కళ్ళలో పరీక్ష రాసిన పిల్ల భయం ఉంది.

అంతలో కింద మంచులో ఆడుకుని టూవా పైకి వచ్చింది. డాగ్నీ చేతులు చాచింది. పిల్ల గుమ్మంలోనే ఆగి, రెండు చేతులూ ఒంటికి, గోడకు తగలకుండా ముందుకు ఎత్తి పట్టుకుని నిలబడింది.

"ముట్టుకోకు అమ్మమ్మా. నేనింకా కడుక్కోలేదు. నీకు జబ్బొస్తుంది."

డాగ్నీ చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. అక్కడే పీట మీద కూర్చుంది. టూవాను బొమ్మల దగ్గర కూర్చోబెట్టాక మారీట్‌ను వంటింట్లోకి పిలిచి, కోటు విప్పకుండానే చెప్పింది. శనివారం వాంతులు, చేప అని చెప్పిన అబద్ధం, కేకు, వేలితో పెట్టిన క్రీము, పారేసిన ముక్కలు, అన్నీ. వరుస తప్పకుండా, తనను ఎక్కడా వెనకేసుకు రాకుండా చెప్పింది.

మారీట్ బల్ల మీది గీతను గోటితో గీకుతూ వింది.

"గునిల్లా అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఎవరికీ లేదని నేను చెబుతుంటే విన్నావు."

"విన్నాను."

"నెల రోజులమ్మా. నా ఇంట్లో అడుగు పెట్టాలంటే నాకే అసహ్యమేసింది. నా పిల్లని నేనే చంపబోయాననుకున్నాను. జబ్బు రావడం కాదు, అది ఎవరి వల్లయినా వస్తుంది. నువ్వు నన్ను తిడుతూ తుడిచావు చూడు, అదమ్మా."

డాగ్నీ క్షమించమంది. మారీట్ తల అడ్డంగా ఊపి, ఇప్పుడు వెళ్ళమంది. గట్టిగా అనలేదు.

ఆ తర్వాత నెలన్నర డాగ్నీ ఆ ఇంటి మెట్లు ఎక్కలేదు. స్తూరె ఒక్కడే వెళ్ళి వచ్చి, టూవా ఏం మాట్లాడిందో, మారీట్ చేతులు ఎలా ఉన్నాయో చెప్పేవాడు. వార్డులో పై అధికారి దగ్గరకు వెళ్ళి, వాంతులైన రోజునే ఇతరుల కోసం వండానని, సోమవారం ఏమీ ఎరగనట్టు పనిలోకి వచ్చానని డాగ్నీ ఒప్పుకుంది. ఆయన కాగితాల్లోంచి తలెత్తి, అందరూ చేసేదే కదా, వదిలెయ్యమన్నాడు. తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. ఏప్రిల్‌లో జలుబు చేస్తే సెలవు పెట్టింది. వార్డంతా నోరెళ్ళబెట్టింది.

మే నెల మొదట్లో, రేవులో మంచు పూర్తిగా కరిగిపోయాక, ఒక పొద్దున మారీట్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. టూవాకు ఆటలమ్మ పోసిందట, జ్వరం ఎక్కువేమీ లేదట, కానీ తను సెలవులన్నీ వాడేసుకుందట. రెండు రోజులు పిల్ల దగ్గర ఉండగలవా అని అడిగింది. డాగ్నీ అప్పటికే బూట్ల కోసం చూస్తోంది.

"ఆగు," అంది మారీట్. "ముందు చెప్పు. నీ ఒంట్లో ఎలా ఉంది?"

డాగ్నీకి ముందురోజు రాత్రి నుంచి గొంతు మంటగా ఉంది. మాటలో తెలియదు. వెచ్చని నీళ్ళు తాగితే సర్దుకునేదే కావచ్చు. ఏడు వారాలుగా ఆ పిల్ల తల నిమరలేదు. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"గొంతు నొప్పిగా ఉందే. నిన్నటి నుంచి."

అయితే రావద్దమ్మా, నాన్నని పంపించు అంది మారీట్. స్తూరె కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు. డాగ్నీ ఆ రోజంతా ఇంట్లో ఒక్కతే, కిటికీ దగ్గర తేనె కలిపిన వేడినీళ్ళు తాగుతూ కూర్చుంది. ఎక్కడా తుడవలేదు.

సాయంత్రం మళ్ళీ ఫోన్ మోగింది. పిల్ల నిద్రపోయిందని, ఒంటి నిండా తెల్ల మందు పూస్తే అచ్చం పిండిబొమ్మలా ఉందని మారీట్ చెప్పింది. ఫోన్ పెట్టే ముందు, గొంతు ఎలా ఉందమ్మా అని అడిగింది.