ఎడమచేత్తో ఇచ్చిన కార్డు

నిరుడు ఫిబ్రవరి రెండో మంగళవారం, ఉదయం తొమ్మిది ఇరవై. మేముండే పిస్కాటవే ఊళ్ళో ఉష్ణోగ్రత ఇరవై ఒక్క డిగ్రీల ఫారన్‌హీట్. గాలి లేదు, సన్నగా మంచు రాలుతోంది. నేను ఖాయంగా చెప్పగలిగినవి ఇవే. దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. అరవై మూడేళ్ళ వయసులో కొత్తగా నమ్మడం మొదలుపెట్టానని చెప్పడానికీ ఇది రాయడం లేదు.

మాది మందుల నాణ్యతను పరీక్షించే చిన్న ల్యాబ్. నేను అక్కడ క్వాలిటీ మేనేజర్‌ని. మా పనిలో సగం ఒక జపాన్ కంపెనీది. ఒప్పందం కొనసాగించాలా వద్దా అన్నది తేల్చడానికి వారి ప్రతినిధులు ఆ రోజు పది గంటలకు వస్తున్నారు. ఆ ప్రాజెక్టు నడిపేది స్రవంతి. ఆమె వీసా పొడిగింపు కూడా దానిమీదే ఆధారపడి ఉంది. ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోతుంది. అరవై రోజుల్లో మరొకటి దొరకకపోతే దేశం విడిచి వెళ్ళాలి.

అందుకే ఆమె జపాన్ ఆఫీసు మర్యాదలన్నీ చదివి మాకు నేర్పింది. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో అందుకోవాలి. చదివి, సమావేశం ముగిసేదాకా ఎదురుగా బల్లమీద ఉంచాలి. జేబులో కుక్కకూడదు. దానిమీద ఏమీ రాయకూడదు. అది ఆ మనిషి ముఖంతో సమానం.

రాయకూడదన్న మాట నాకోసమే. ముందురోజు మళ్ళీ చెప్పింది. "అంకుల్, మీరు పాల డబ్బా మీద కూడా డేట్ రాస్తారట, ఆంటీ చెప్పారు. రేపొక్క రోజు ఆ పెన్ను నాకిచ్చేయండి, ప్లీజ్."

"ముప్ఫై ఏళ్ళుగా ఆడిటర్లతో వేగుతున్నానమ్మా. కార్డు పుచ్చుకోవడం నువ్వు నేర్పాలా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మంగళవారం నేను వెళ్ళేసరికి లాబీలో ఒక జపాన్ పెద్దాయన నిలబడి ఉన్నారు. బూడిదరంగు ఓవర్‌కోటు, చంకలో టోపీ. బయట మంచు పడుతున్నా కోటుమీద ఒక్క చుక్క తడి లేదు. ఆయన వంగి, రెండు చేతులతో కార్డు అందించారు. నా కుడిచేతిలో కాఫీ కప్పుంది. దాన్ని కింద పెట్టకుండా, ఎడమచేత్తోనే కార్డు అందుకుని, ఎడమచేత్తోనే నాది ఇచ్చాను. ఆ చేత్తో ఇవ్వకూడదని నాకు జపాన్ వారు చెప్పనక్కరలేదు. మా అమ్మ చిన్నప్పుడే చేతిమీద కొట్టి చెప్పింది.

ఆయన నా కార్డును చాలాసేపు చదివారు. నేను ఆయన కార్డు వెనుక తేదీ, సమయం రాసుకున్నాను. రాయడానికి మాత్రం కప్పు పక్కన పెట్టాను. తర్వాత దాన్ని ప్యాంటు వెనుక జేబులో దోపుకున్నాను. ఆయన చూశారు. కూర్చోమని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను.

పదింటికి పది నిమిషాల ముందు నలుగురు వచ్చారు. స్రవంతి కళ్ళముందు కార్డులు పద్ధతిగానే మార్చుకున్నాను. తలుపుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న కుర్చీ అతిథుల్లో పెద్దవారిది. ఆమె దాన్ని బృందనాయకుడు హయాషి గారికి చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపి, దాన్ని ఖాళీగా వదిలి, పక్క కుర్చీలో కూర్చున్నారు.

"మీ పెద్దాయన ఇంకా రాలేదే?" అన్నాను.

"మేము నలుగురమే వచ్చాం."

లేదు, నాకు కార్డు కూడా ఇచ్చారన్నాను. చూపించమన్నారు. అంతమంది ముందు లేచి, వెనుక జేబులోంచి దాన్ని బయటికి తీయవలసి వచ్చింది. నేను కూర్చున్నందువల్ల మధ్యలో మడత పడింది. హయాషి గారు దాన్ని రెండు చేతులతో అందుకుని చదివారు. వెనక్కి తిప్పారు. స్రవంతి బల్లకేసి చూస్తూ ఉండిపోయింది.

"మా పాత డైరెక్టరు గారు. మీతో ఈ ఒప్పందం మొదట కుదిర్చింది ఈయనే. నవంబరులో పోయారు" అన్నారాయన. నా చేతిరాతను మళ్ళీ చూసి, "తొమ్మిది ఇరవై. అవును. ఎక్కడికైనా నలభై నిమిషాలు ముందే వెళ్ళేవారు" అన్నారు.

అప్పుడు వారిలో ఒకరు ఖాళీ కుర్చీ వైపు చూశారు. ఆ కుర్చీ ముందు, బల్లమీద, నా కార్డు ఉంది. అక్షరాలు కుర్చీ వైపు తిరిగి ఉన్నాయి. అంచులు బల్ల అంచుకు సరిసమానంగా ఉన్నాయి. ఒక్క మడత లేదు. నలుగురి ముందూ నేనిచ్చిన నాలుగు కార్డులు అలాగే ఉన్నాయి; ఇది ఐదోది. అతిథులు రాకముందు స్రవంతి తుడిచినప్పుడు బల్లమీద ఏమీ లేదు. రిసెప్షన్‌లో అడిగితే ఆ ఉదయం జపాన్ వారికి ఇచ్చిన బ్యాడ్జీలు నాలుగే అన్నారు. ఆ డైరెక్టరు గారిని నేను అంతకుముందు ఎన్నడూ కలవలేదు.

క్షమించమన్నాను. వెళ్ళేముందు హయాషి గారు ఆ రెండు కార్డులనూ, మడత పడ్డదాన్నీ, పడనిదాన్నీ, కలిపి తన కార్డుల కేసులో భద్రపరచుకున్నారు.

మార్చిలో ఒప్పందం ఖరారైంది. స్రవంతి మిఠాయి పెట్టె తెచ్చింది. నేను లేచి నిలబడి, రెండు చేతులతో అందుకున్నాను. ఆమె ముఖంలోకి మాత్రం చూడలేకపోయాను. ఆమె బతుకు ఇంకొకరి మర్యాదతో నిలబడింది, నా మర్యాదతో కాదు.

ఆ పెద్దాయన ఎవరో, ఆ కార్డు అక్కడికెలా చేరిందో నేను ఇప్పటికీ చెప్పలేను. లెక్క మాత్రం చెప్పగలను. ఆ ఉదయం నా కేసులో పెట్టుకున్న కార్డులు పది. వచ్చిన అతిథులు నలుగురు. సాయంత్రం మిగిలినవి ఐదు.