లామిలే, కోర్కోయ్‌లలో పెద్దదెవరు

గా మాషీ అనే మా పాతపేటలో లామిలే ఎవరో తెలియదని ఎవరైనా అన్నారంటే, వాళ్ళు నిన్ననో మొన్ననో బస్సు దిగినవాళ్ళయి ఉండాలి. దీపస్తంభం దగ్గర్నుంచి సముద్రం వైపు దిగే సందుల్లో ఎవరింట బిడ్డ పుట్టినా, ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఆ బిడ్డను మొదటిసారి వాకిట్లోకి తెచ్చేవేళకు లామిలే అక్కడ ఉండాలి. మొక్కజొన్న పానకం ఆమె చేత్తో కాస్తేనే పేరుపెట్టినట్టు లెక్క. కవలల పండుగనాడు ఆకులూ నీళ్ళూ నింపిన పళ్ళేలు నెత్తిన పెట్టుకుని ఊరేగేవాళ్ళకు ముందు నడిచి, అడ్డొచ్చిన టాక్సీవాళ్ళను తిట్టి దారి చేయించేది ఆమే. బూకోమ్ మైదానంలో కుర్రాళ్ళు గ్లవ్స్ తొడుక్కుని గుద్దుకుంటుంటే మొదటి వరుసలో ఆమె ముక్కాలిపీట ఉంటుంది. ఓడినవాణ్ణి ఏమీ అనదు. గెలిచినవాణ్ణి చూసి మాత్రం, "పాపం, రేపటి నుంచి వీడికి కళ్ళు నెత్తికెక్కుతాయి" అని జాలిపడుతుంది.

అరవై మూడేళ్ళ మనిషి. వాళ్ళమ్మ కట్టిన ఆడవాళ్ళ లోగిలిలో అక్కచెల్లెళ్ళతో, మేనకోడళ్ళతో ఉంటుంది. మొగుడు క్పాక్పో రెండు సందుల అవతల మగవాళ్ళ లోగిలిలో తన అన్నదమ్ములతో ఉంటాడు. నలభై ఏళ్ళుగా సాయంత్రం కాగానే అన్నం గిన్నె మీద మూతపెట్టి పంపుతుంది. మనసైన రోజున గిన్నె తనే పట్టుకెళుతుంది. "పొద్దస్తమానం ఒక్క కప్పు కింద ఉంటే మేమెప్పుడో ఒకళ్ళనొకళ్ళం కొట్టుకు చచ్చేవాళ్ళం" అంటుంది. మా పేటలో కాపురాలు ఇలాగే పచ్చగా ఉంటాయి, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా.

ఇక ఆమె వృత్తి కెంకే. పులిసిన మొక్కజొన్న పిండిలో సగం ఉడికించి, మిగతా సగం పచ్చిది కలిపి, ఉండలు చేసి, మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడకబెట్టాలి. ఇందులో అసలు పనంతా పిండి ఉడికించే దగ్గరే ఉంది. నడుమెత్తు కుండలో పిండి గట్టిపడుతుంటే ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు నిలబడి పొడుగు తెడ్లతో తిప్పాలి. ఒకరు తోస్తే ఇంకొకరు లాగాలి. ఆ ఊపు చూసి నేర్చుకునేది కాదు, ఏళ్ళ తరబడి ఎదురుబొదురు నిలబడితే వచ్చేది. లామిలేకు ఎదురుగా ముప్పై ఐదేళ్ళు నిలబడింది పక్కసందు కోర్కోయ్.

ఈ ఇద్దరూ ఒకే వారంలో పుట్టారు. ఎవరు ముందు అన్నది పేటలో ఎడతెగని తగాదా. మా దగ్గర పెద్దా చిన్నా పట్టింపు ఎక్కువ. ఒక్క పూట ముందు పుట్టినా పెద్దే, ఆ పెద్దరికం చచ్చేదాకా చెల్లుతుంది. లామిలే తనే పెద్దనేది. కోర్కోయ్ కాదు తనేననేది. సాక్ష్యానికి మిగిలింది తొంభై దాటిన అవ్వ చోచో ఒక్కతే. ఆవిడ మాటేమో పూటకోలా మారేది. ఆ పూట జావ ఎవరు తెచ్చి ఇచ్చారో చూసి చెప్పేది. సంతలోనూ, పెళ్ళిళ్ళలోనూ ఈ ఇద్దరి వాదన వినడానికి జనం పని మానుకుని నిలబడేవాళ్ళు.

అలాంటి స్నేహం పోయినేడు మా కోతల పండుగ హొమోవో శనివారం నాడు చెడింది. తప్పు లామిలేదే, ఇందులో దాపరికం ఏముంది?

ఆ రోజు ప్రతి ఇంట్లో క్పోక్పోయి వండుతారు. మొక్కజొన్న పిండిని ఆవిరి మీద ఉడికించి, ఎర్రనూనె, బెండకాయ కలిపి, పామ్ పండ్ల పులుసుతో, పొగబెట్టిన చేపతో తింటారు. ఒకరింట్లోంచి ఒకరింటికి గిన్నెలు నడుస్తాయి. కోర్కోయ్ పంపిన గిన్నెలోంచి లామిలే ఒక ముద్ద నోట్లో వేసుకుంది. చుట్టూ ముప్పై మంది ఉన్నారు. జనం కనబడితే ఆ నోరు ఊరుకుంటుందా? "ఇది క్పోక్పోయా, లేక కోర్కోయ్ సముద్రపొడ్డుకు వెళ్ళి తట్టతో ఎత్తుకొచ్చిందా?" అంది. లోగిలంతా కడుపుబ్బ నవ్వింది. సాయంత్రానికి బ్యాండు కుర్రాళ్ళు దానికి దరువు కట్టేశారు. "ఇసుక కోర్కోయ్, ఇసుక కోర్కోయ్" అంటూ ఆమె వాకిటి ముందే వాయించుకుంటూ పోయారు.

సోమవారం కోర్కోయ్ కుండ దగ్గరికి రాలేదు. మంగళవారమూ రాలేదు. లామిలే మొదట "అలకలే, తీరుతుంది" అంది. నెల గడిచాక "దానికంత ఉంటే నాకెంత ఉండాలి" అంది. ఆ తర్వాత ఆ పేరే ఎత్తలేదు.

కానీ కుండ ఒక్కరితో తిరగదు. మేనకోడళ్ళు పట్టారు, ఊపు కుదర్లేదు. చివరికి క్పాక్పోయే రంగంలోకి దిగాడు. వయసులో చేపల పడవకు తెడ్డేసిన మనిషి. వచ్చి కుండకు అడ్డంగా నిలబడి, కాళ్ళు ఎడం చేసి, హైలెస్సా అనుకుంటూ పిండిని వెనక్కి తోయడం మొదలుపెట్టాడు.

"ఓ ముసలాయనా, ఇది పడవ కాదు, కుండ! ఎక్కడికి పోతున్నావు?"

"కెరటం గట్టిగా ఉందే."

"అది కెరటం కాదు, ఉండ కట్టింది! తిప్పవయ్యా, తొయ్యకు!"

ఏడాది పొడుగునా లామిలే కెంకేలో ఉండలు తగిలాయి. జనం మొహం మీద ఏమీ అనలేదు గానీ, "అమ్మా, ఈ రోజు క్పాక్పో ఎంతదూరం వెళ్ళొచ్చాడు?" అని అడిగి మరీ కొనేవాళ్ళు. లామిలే కూడా నవ్వేది. నవ్వి, ఎదురుగా తెడ్డు పట్టుకున్న మొగుణ్ణి చూసి, ఆ చోట పాత మొహం లేనందుకు లోపల్లోపల కుమిలిపోయేది.

ఏడాది గిర్రున తిరిగింది. డప్పులు మూసిపెట్టే నెల వచ్చింది. ఆ నెలంతా పేటలో వాయిద్యం మోగకూడదు, గోల చెయ్యకూడదు. నోరు కట్టేసుకోవాలి కాబట్టి లామిలేకు అది జ్వరంతో పడుకున్నట్టే. తర్వాత నిషేధం ఎత్తేశారు, డప్పులు ఒక్కసారిగా లేచాయి. గురువారం నాడు ఊళ్ళ నుంచి చుట్టాలంతా మొక్కజొన్న మూటలు, మిరపకాయల బుట్టలు లారీల మీద వేసుకుని పాడుకుంటూ దిగారు. ఒక్కో గదిలో పదిమంది పడుకున్నారు. శనివారం లోగిలి మధ్య పెద్ద పళ్ళెం పెట్టారు. అందరూ చుట్టూ మూగి ఒకే పళ్ళెంలో చేతులు పెట్టారు. ఆ ఒక్క రోజు పెద్దా చిన్నా ఉండదు. నాలుగేళ్ళ పిల్ల తాతగారి చేతిలో చేపముక్క లాక్కున్నా ఎవరూ ఏమీ అనరు. లామిలే చెయ్యి కూడా మోచేతిదాకా ఎర్రనూనె. అందరూ తిన్నారు, నవ్వారు, తిట్టుకున్నారు. పక్కసందులోంచి మాత్రం ఈసారి గిన్నె రాలేదు.

ఆదివారం తెల్లవారుజామున ఆనవాయితీ ప్రకారం ఏడుపు లేచింది. ఏడాదిలో పోయినవాళ్ళను తలుచుకుని ఇంటింటా ఏడుస్తారు. ఆ తర్వాత మొహాలు కడుక్కుని, కొత్తబట్టలు కట్టుకుని, ఒకరింటికొకరు వెళ్ళి ఏడాది దీవెన చెప్పుకుంటారు. ఉన్న తగాదాలు ఆ పొద్దునే తెగాలి. తెగనిది ఇంకో ఏడాది మోయాల్సిందే. వెళ్ళాల్సింది మాత్రం చిన్నవాళ్ళే. పెద్దవాళ్ళు పీట మీద కూర్చుని ఎదురుచూస్తారు.

ఫిబ్రవరిలో పోయిన తన పెద్దన్న కోసం లామిలే ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా ఒక ఆలోచన గుండెలో కలుక్కుమంది. వచ్చే ఏడాది ఇదే పొద్దున తను కోర్కోయ్ కోసం ఏడవాల్సి వస్తే? మాట్లాడుకోకుండానే పోయిందని ఏడవాల్సి వస్తే?

అయినా మొండిఘటం కదా, మొహం కడుక్కుని, నీలం గుడ్డ చుట్టుకుని, పీట మీద కూర్చుంది. చుట్టాలు వచ్చారు, దీవెనలు పుచ్చుకున్నారు, వెళ్ళారు. ఆమె కళ్ళు వీధి గుమ్మం మీదే ఉన్నాయి. పొద్దెక్కింది. క్పాక్పో వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"ఇంకా రాలేదా?"

"ఎవరు?"

"నాతో ఆటలా? నీ మొహం చూస్తే తెలియటంలా ఎవరో?"

"రావాల్సింది అది. చిన్నది అది."

మూలన కూర్చున్న అవ్వ చోచో తలెత్తింది. "చిన్నదెవరే?"

"నువ్వే చెప్పవ్వా, మాలో ముందు పుట్టిందెవరు?"

అవ్వ తన గిన్నెలోకి చూసుకుంది. ఖాళీగా ఉంది. "ఇవాళ నాకు గుర్తులేదు" అంది.

క్పాక్పో పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, మామూలు గొంతుతో అన్నాడు: "చూడు లామిలే, నా నడుం పోయింది. చేతులు బొబ్బలెక్కాయి. అది కూడా పోనీ. నువ్వు ఏడాదిగా నిజంగా నవ్వింది లేదు. నాకు తెలియదనుకున్నావా?"

లామిలే లేచింది. "పెద్దరికం చేసుకుని ఏం ఉద్ధరిస్తాను" అని గొణుక్కుంటూ చెప్పులు తొడుక్కుంది.

లామిలే బయల్దేరిందన్న కబురు ఆమె కంటే ముందే సందు దాటింది. ఇస్త్రీ చేసేవాడు పెట్టె పక్కన పెట్టాడు. చేపలమ్మేవాళ్ళు లేచి నిలబడ్డారు. బ్యాండు కుర్రాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఊదడం ఆపేశారు. ఆమె వాళ్ళకేసి ఒక్క చూపు చూసి, "ఆ దరువు ఇంకోసారి వినబడిందో, మీ డప్పుల్లో పిండి ఉడకబెడతాను" అని ముందుకు నడిచింది.

కోర్కోయ్ వాకిట్లోనే ఉంది. పసుపుపచ్చ గుడ్డ, తలకు కొత్త కట్టు, అంతా ముస్తాబే. గుమ్మం మెట్టు దిగకుండా నిలబడి ఉంది. మనిషి చిక్కిపోయింది.

లామిలే అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ మాట అప్పు ఇచ్చే మనిషి. ఇప్పుడు సందంతా వింటోంది. మోకాళ్ళు కొంచెం వంచి, అరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట అంది.

"అక్కా."

ఎవరో చప్పట్లు కొట్టబోతే పక్కవాళ్ళు చెయ్యి పట్టుకున్నారు.

"అక్కా, పోయినేడు నోరు పారేసుకున్నాను. నీ వంట ఎప్పుడూ ఇసుక కాదు. జనం నవ్వుతున్నారని అన్నాను. నవ్వితే నాకు ఒళ్ళు తెలియదు, నీకు తెలుసు కదా. నువ్వే పెద్దదానివి. నేనే వచ్చాను."

కోర్కోయ్ ఠక్కున గుమ్మం దిగి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగవే! ఇంక అనకు. నువ్వు అనేకొద్దీ నేను చచ్చిపోతున్నాను." కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "నువ్వే పెద్ద."

"ఏంటీ?"

"మా అమ్మ పోయేముందు చెప్పింది. మీ అమ్మకు నువ్వు పుట్టినప్పుడు నీకు మొదటి నీళ్ళు పోసింది మా అమ్మే. నిండు కడుపుతో ఉండి పోసిందట. నేను మర్నాడు పుట్టాను."

లామిలే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "మీ అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళయింది."

"అవును."

"పంతొమ్మిదేళ్ళు కడుపులో దాచుకున్నావా? నా మొహం మీద నేనే పెద్దనని అరుస్తూ?"

"నువ్వు పెద్దదానివని తేలితే ఇక నిన్ను పట్టగలమా?"

సందు సందంతా ఘొల్లుమంది. ఇస్త్రీవాడు అయితే కూర్చుండిపోయాడు.

"అయితే ఇవాళ రావాల్సింది నువ్వు!"

"తెలుసు. పొద్దుట్నుంచి నాలుగుసార్లు ఇక్కడిదాకా వచ్చాను. నన్ను మళ్ళీ అందరి ముందు ఏమంటావోనని కాలు ముందుకు పడలేదు." కోర్కోయ్ ముక్కు తుడుచుకుంది. "ఏడాదిగా ఒక్కదాన్నే వండుకుంటున్నాను. నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నిజంగానే ఇసుకలా అనిపించేది."

లామిలే ఆ మాటకు తట్టుకోలేకపోయింది. రెండు చేతులూ చాచి ఆమెను గుండెలకు హత్తుకుని బావురుమంది. కొత్త తలకట్టు ఊడి కింద పడింది, ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని వెనక్కి జరిగింది.

"సరే, నడు."

"ఎక్కడికి?"

"మా ఇంటికి. నేను పీట మీద కూర్చుంటాను. నువ్వు వచ్చి పద్ధతి ప్రకారం చెప్పు. అరవై మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను, ఊరికే పోనిస్తానా?"

అలా వెళ్ళారు ఇద్దరూ, చెయ్యి చెయ్యి పట్టుకుని, వెనక సగం పేట. బ్యాండువాళ్ళు కొత్త దరువు ఎత్తుకున్నారు. లామిలే గబగబా లోపలికెళ్ళి పీట మీద కూర్చుని, గుడ్డ సర్దుకుని, గొంతు సవరించుకుంది. కోర్కోయ్ గుమ్మం బయట ఆగి, వంగి, లోపలికి వచ్చి ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏడాది తిరిగొచ్చింది అక్కా. ఆయుష్షు పుచ్చుకో. మన మధ్య నల్లపిల్లి అడ్డం రాకూడదు. మళ్ళీ ఏడాదికి మనం ఇలాగే కూర్చోవాలి."

ఇప్పుడు పెద్దది దీవించాలి. లోగిలంతా చెవులు రిక్కించింది. లామిలేకు తెల్లవారుజామున గుండెలో కలుక్కుమన్న ఆలోచన మళ్ళీ వచ్చింది. కోర్కోయ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను ముందు వచ్చాను కాబట్టి నేనే ముందు పోతాను" అంది. "నువ్వు వరస తప్పావంటే ఊరుకోను."

"దానిక్కూడా పోటీయేనటే?" అంది కోర్కోయ్ ఏడుస్తూ.

"పోటీ కాదు. అక్క చెబుతోంది, విను."