పడవ అంచు గీత

వెబ్‌సైటులో బొటనవేలి గోరంత ఉండే గుర్తులను గూర్చి, పిల్లలు ఐకాన్లనే వాటిని గూర్చి, నా వయసువాడు వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అయినా వ్రాసి ఉంచడం అవసరమని భావిస్తున్నాను. ఉక్కు కర్మాగారపు డ్రాయింగ్ ఆఫీసులో మాకు నేర్పిన గీతల క్రమశిక్షణ ఆ బల్లలతోపాటే అంతరించిందని చాలాకాలం నమ్మాను. అది ఒక చేపల కొట్టులో మళ్ళీ పనికి వచ్చింది. ఎలా వచ్చిందో తెలిసినవారం కొద్దిమందిమే. మా తరువాత చెప్పేవారుండరు.

మా క్వార్టర్ల వీధికి చేపలు తెచ్చే ఆమెది సముద్రపు ఒడ్డున జాలరి కుటుంబం. తలమీద గంప, గంపమీద తడిపిన గోనెపట్ట. మా అరుగుమీద గంప దించి, వంజరం చేపనో కానాగంతలనో నా భార్యకు చూపించి, బేరం ముగిసేవరకు వీధి వార్తలన్నీ చెప్పేది. గోదావరి జిల్లానుండి ఉద్యోగానికి వచ్చిన మాకు సముద్రపు చేపల పేర్లు నేర్పింది ఆమే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక గంప మానివేసింది. ఆమె కూతురు రుషికొండలో కంప్యూటరు ఉద్యోగం వదలి, తమ పడవ చేపలను వెబ్‌సైటు ద్వారా అమ్మాలని సంకల్పించింది. వేసవిలో సముద్రపు వేటకు ఉండే నిషేధం ముగిసి పడవలు తిరిగి సముద్రంలోకి దిగేనాటికి కొట్టు తెరవాలి.

చిక్కు ఒక్కటే. కొనేవారందరూ తల్లి ముఖం చూసి కొన్నవారు. ఆమె స్వయంగా ఫోను చేసి ఇది నా కొట్టేనని చెబితే వస్తారు, లేకపోతే రారు. తాను చూసి ఒప్పుకోనిదే ఎవరికీ చెప్పనని ఆమె ముందే తేల్చివేసింది. ఆమెకు చదువు రాదు. కాబట్టి ఆ కొట్టులో ఆమె చదవగలిగినవి గుర్తులు మాత్రమే.

కూతురు ఒక ఉదయం తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. నేను వరండాలో గీతలు గీసే రోజులు ఆ అమ్మాయికి జ్ఞాపకమట; నా అభిప్రాయం కావాలన్నది. తెరమీద పైభాగాన వారి పడవ ముక్కు బొమ్మ ఉన్నది. పసుపు రంగు, దానికింద ముదురు నీలి పట్టీ, తెల్లని చుక్క. రంగులవాడు వెడల్పు కుంచెతో వేసినట్లే మొద్దుగా, నిండుగా ఉన్నది. దాని కింద వరుసగా ఐకాన్లు. అవి ఎక్కడో సిద్ధంగా దొరికిన కట్టలోనివి. వెంట్రుకవంటి బూడిదరంగు గీతలు. బజారు బండి, స్కూటరు, కత్తెర. ఈరోజు వచ్చిన చేపలకు ఒక లంగరు.

తల్లి ఫోను దూరంగా పెట్టుకొని చూసింది.

"ఇదేటే, మందుల షాపులాగున్నాది."

అందరి సైట్లూ ఇలాగే ఉంటాయని కూతురు నచ్చజెప్పబోయింది.

"మరి అందరి పడవలకీ ఒకటే రంగు ఎందుకేసుకోనేదు?"

తల్లి వేలు లంగరుమీద ఆగింది.

"లంగరేసీసినావు. లంగరేసినోడి కాడ ఈయేళ సేపలెక్కడివి? వేట నేదనుకుని ఎల్లిపోతారు." తరువాత నా వైపు తిరిగి, "కంపూటర్ సదువు బాబూ. ఒడ్డుని పుట్టిందని ఎవులికీ సెప్పకండి" అన్నది. కూతురికీ నవ్వు ఆగలేదు.

నాకు మా డ్రాయింగ్ ఆఫీసు కళ్ళముందు నిలిచింది. పటాలకు నకళ్ళు తీసే యంత్రపు అమ్మోనియా ఘాటు, ట్రేసింగ్ కాగితం మీద నల్లసిరా, ఒక్కొక్క మందానికి ఒక్కొక్క పెన్ను. వస్తువు అంచుకు వాడే గీత కొలతకు వాడకూడదు. ఒకే పటంలో ఒకే రకపు అంచు రెండు మందాలలో కనబడితే మా పై అధికారి కాగితం తిరిగి ఇచ్చివేసేవారు, కారణం చెప్పేవారు కారు. పటాన్ని నేలమీద పరచి, తాను స్టూలు ఎక్కి చూసేవారు. అక్కడినుండి తెలియని గీత కర్మాగారంలోనూ తెలియదని ఆయన నమ్మకం. అప్పట్లో మేము చాటున విసుక్కునేవాళ్ళం. ఆ స్టూలు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో.

గళ్ళకాగితం తీశాను. పడవ మీది నీలి పట్టీ మందాన్నే కొలమానంగా పెట్టుకొని, ప్రతి గుర్తునూ అదే గీతతో, అవే గుండ్రని కొసలతో, సమానమైన చదరంలో గీయాలని నిర్ణయించాము. బజారు బండి స్థానంలో గంప వచ్చింది. కోసి శుభ్రం చేసిన చేపకు కత్తిపీట. ఎండుచేపకు తాడుమీద వ్రేలాడే చేప. ఈరోజు చేపలకు, లంగరు తీసివేసి, కెరటం మీదకు లేచిన పడవ ముక్కు. స్కూటరును మాత్రం తల్లి ఉండనిచ్చింది. తాను నడిచిన దూరం మరొకరు నడవనక్కరలేదన్నది. దానినీ మొద్దు గీతతోనే గీశాను. పసుపు రంగు వేలితో నొక్కిన గుర్తుకు మాత్రమే, మిగిలినవన్నీ నీలం. బ్రౌజరు పైఅంచున కనిపించే అతిచిన్న గుర్తులో పడవ ముద్దగా మారుతుంటే, పడవను వదలి పట్టీనీ చుక్కనూ మాత్రమే ఉంచాము. కూతురు వాటిని కంప్యూటరులోకి ఎక్కించింది.

నిషేధం ముగిసే వారంలో మళ్ళీ వచ్చారు. ల్యాప్‌టాప్‌ను వరండా చివర పెట్టించి, తల్లిని గుమ్మం వద్ద కూర్చోబెట్టాను. స్టూలు ఎక్కమనలేదు, మోకాళ్ళు కదా. తెర పైఅంచున వేరువేరు సైట్ల గుర్తులు బారులు తీరి ఉన్నాయి. ఆమె కళ్ళు చికిలించి ఆ బారును మొదటినుండి చివరివరకు చూసింది. తరువాత చెయ్యి చాచింది.

"ఆ సివర్నున్నది మన పడవ."

తల్లి ఇంకేమీ అడగకుండా, కూతురిని ఫోను తీసి, ఎలమంచిలిలో స్థిరపడిన పాత ఖాతాదారు ఒకామెకు కలపమన్నది. "నానే అమ్మగారూ. గంప మానీసినాను గానీ కొట్టెట్టినాం. పడవ బొమ్మ సూసి నొక్కండి" అని చెబుతుంటే, ఆమె గొంతులో నా అరుగుమీది పాత బేరాల ధాటి వినబడింది. నా భార్య లోపలినుండి వచ్చి, మొదటి గంప మాకే పంపమన్నది.

ఇవి నా జ్ఞాపకశక్తి మేరకు వ్రాసినవి. ఒడ్డువారి పడవల రంగులను గూర్చి, కత్తిపీట ఆకారాన్ని గూర్చి, మా పెన్నుల వాడకాన్ని గూర్చి నేను తప్పు వ్రాసి ఉంటే, తెలిసినవారు మొగమాటపడక ఎర్రసిరాతో దిద్ది పంపవలసినదిగా కోరుతున్నాను. దిద్దిన పటాన్ని తిరిగి గీయడం మాకు అలవాటైన పనే.