నలభై అడుగుల రోడ్డు మీద వడ్లు

ఈ రోజు పొద్దున నేనూ మా ఆవిడా బడంగ్‌పేట్ నుంచి ఇబ్రహీంపట్నం వెళ్లాం, కొత్త వెంచర్‌లో ప్లాటు చూడటానికి. టై కట్టుకున్న ఏజెంటు మమ్మల్ని కారులో గేటు దాటించి, నలభై అడుగుల రోడ్డు గురించి గొప్పగా చెప్తూ ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. ఆ రోడ్డు నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక పెద్దమ్మ కాళ్లతో సాళ్లు తీస్తూ వాటిని తిరగేస్తోంది.

గొడవవుతుందనుకున్నాను. ఏజెంటు మాత్రం దిగి, మెరిసే బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. "వడ్లమీదికెళ్లి బూట్లతోని నడవద్దు సార్," అన్నాడు. మేమూ విప్పాం. అలాగే నడిచి వెళ్లి తూర్పు ముఖం ప్లాటు చూశాం.

తిరిగి వస్తూ పెద్దమ్మను అడిగాను, "మేం ఇక్కడ ఇల్లు కట్టుకుంటే వడ్లు ఎక్కడ ఆరబోస్తావమ్మా?"

ఆమె తల కూడా ఎత్తలేదు. "మీ ఇంటి ముంగటనే, బిడ్డా. మీరు జర చెప్పులిడిసి బయటికి రాండ్రి."

బ్రోచర్‌లో క్లబ్‌హౌస్ నుంచి జాగింగ్ ట్రాక్ దాకా అన్నీ ఉన్నాయి, ఈ షరతు ఒక్కటే లేదు. నాకు ప్లాటు కంటే అదే నచ్చింది. మీరైతే సంతకం పెడతారా?